సర్కారు సొమ్ము, సంపాదకుడి కుర్చీ

1984 అక్టోబర్ 31 ఉదయం ఢిల్లీలో ఇందిరాగాంధీపై కాల్పులు జరిగాయి. ఆమె మరణవార్తను ఆకాశవాణి చెప్పేసరికి సాయంత్రం ఆరయింది. బీబీసీ అంతకు గంటల ముందే చెప్పేసింది. పశ్చిమ బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ తల్లి సంగతి తెలుసుకోవడానికి విన్నది ఆ బీబీసీనే. దేశమంతటా కేంద్రాలు, ట్రాన్స్‌మిటర్లు, వేలమంది సిబ్బంది ఉన్న సంస్థ ఆకాశవాణి. వార్త దానికి అందకపోలేదు. పైనుంచి అనుమతి అందలేదు. ఆ ఘడియలో ప్రధాని కుటుంబానికి కూడా సొంత దేశపు రేడియో అక్కరకు రాలేదు.

ప్రభుత్వ నిధులతో నడిచే వార్తాసంస్థకు సంపాదకీయ స్వేచ్ఛ ఉంటుందా అని అడిగితే చాలామంది ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. జీతమిచ్చేవాడి మాట వినక తప్పదంటారు. పాలకులు కూడా విమర్శను తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడంగానే చూస్తారు. నాకు ఈ రెండు మాటలూ తప్పనిపిస్తాయి. ఆ ఇల్లు పాలకులది కాదు, జనానిది. పన్ను రూపంలో వెళ్లిన డబ్బు ఖజానా మీదుగా తిరిగొచ్చినంత మాత్రాన అధికార పార్టీ సొమ్ము అయిపోదు. ప్రపంచంలో ఈ ప్రయోగం వందేళ్లుగా నడుస్తోంది. డబ్బు ఎవరిదన్నది కన్నా అది ఏ దారిన వస్తుంది, ఎన్నేళ్లకు ఖాయమవుతుంది, సంపాదకుణ్ణి కుర్చీలోంచి లేపగలిగేది ఎవరు అన్నవే అసలు ప్రశ్నలని ఆ అనుభవం చెబుతోంది.

ఎక్కువమంది ఉదాహరణగా చూపే బీబీసీ కథ కూడా మచ్చలేనిది కాదు. 1926 మే నెలలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు అది ఇంకా ఒక కంపెనీయే. రేడియోను స్వాధీనం చేసుకుందామని మంత్రి చర్చిల్ పట్టుబట్టారు. బీబీసీ అధిపతి జాన్ రీత్ అది జరగకుండా ఆపగలిగారు. కానీ దానికి మూల్యం ఉంది. ప్రతిపక్ష నేత రామ్‌సే మెక్‌డొనాల్డ్‌కు మైకు ఇవ్వలేదు. రాజీ కోరిన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ప్రసంగాన్నీ అప్పటికి ఆపేశారు. మరుసటి ఏడాది జనవరి 1 నుంచి రాయల్ చార్టర్ కింద బీబీసీ ప్రజాసంస్థగా మారింది. ఆజ్ఞ రాకముందే సర్దుకుపోవడం అనే జబ్బు స్వతంత్ర సంస్థకు తొలి ఏడాదుల్లోనే అంటుకుందన్నమాట. ఈ జబ్బును ఏ చట్టమూ పూర్తిగా నయం చేయలేకపోయింది.

అయినా మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఆ సంస్థ వెన్నెముక గట్టిపడింది. 1956లో సూయెజ్ యుద్ధ సమయంలో ప్రధాని ఈడెన్ రేడియోలో, టీవీలో మాట్లాడితే దానికి జవాబుగా ప్రతిపక్ష నేత గైట్‌స్కెల్ ప్రసంగాన్నీ ప్రసారం చేశారు. సైన్యం కదులుతున్న వేళ దేశంలో చీలిక ఉందని విదేశాలకు వినిపించడం ద్రోహమని ప్రభుత్వం మండిపడింది. విదేశీ ప్రసారాలకు డబ్బిచ్చేది విదేశాంగ శాఖే. తన అధికారిని ఆ కార్యాలయంలో కూర్చోబెట్టింది కూడా. అయినా వార్తల సరళి మారలేదు. పూర్తిగా సర్కారు గ్రాంటుతో నడిచే విభాగం యుద్ధకాలంలో ఆ ప్రభుత్వం పైనే విమర్శను అరబ్బీ శ్రోతలకు వినిపించిన ఈ ఘట్టాన్ని, జీతమిచ్చేవాడి మాట వినక తప్పదనేవారు ఒకసారి తిరగేయాలి.

తర్వాత ఓటములూ ఉన్నాయి. 1985లో ఉత్తర ఐర్లండ్‌పై తీసిన ఒక డాక్యుమెంటరీని ఆపమని హోంమంత్రి ఉత్తరం రాస్తే పాలకమండలి తలొగ్గింది. విలేకరులు ఒకరోజు సమ్మె చేశారు. మార్పులతో ఆ చిత్రం తర్వాత ప్రసారమైంది. 2004 జనవరిలో ఇరాక్ ఆయుధాల కథనంపై హటన్ నివేదిక వచ్చాక చైర్మన్, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ పదవులు వదులుకున్నారు. 2023లో చైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా మరో కోణం చూపింది. నాటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కు అప్పు దొరికే వ్యవహారంలో తన పాత్రను నియామక సమయంలో ఆయన పూర్తిగా వెల్లడించలేదు. లైసెన్సు ఫీజును ఇంటింటి నుంచీ వసూలు చేసినా, చైర్మన్‌ను ఎంచేది ప్రభుత్వమే అయితే రాజకీయ జోక్యానికి కిటికీ తెరిచే ఉంటుంది.

ఆ కిటికీని మూయడానికి అందరికన్నా గట్టిగా ప్రయత్నించింది జర్మనీ. గోబెల్స్ చేతిలో రేడియో ఏమైందో చూసిన దేశం కనుక, యుద్ధం తర్వాత ప్రసార సంస్థలను కేంద్రానికి దూరంగా, రాష్ట్రాల పరిధిలో నిర్మించుకున్నారు. ఛాన్సలర్ అడెనావర్ కేంద్రం చేతిలో ఒక టీవీ కంపెనీ పెట్టబోతే 1961 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 2009లో ప్రజా టీవీ సంస్థ జెడ్‌డీఎఫ్ ప్రధాన సంపాదకుడు నికోలస్ బ్రెండర్ పదవీకాలాన్ని పొడిగించకుండా బోర్డులోని రాజకీయ నేతలు అడ్డుపడ్డారు. ఒక సంపాదకుడి కుర్చీ పోయింది. కానీ వ్యవహారం అక్కడితో ఆగలేదు. కేసు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. పర్యవేక్షక మండళ్లలో ప్రభుత్వాలకు, పార్టీలకు చెందినవారు మూడో వంతుకు మించరాదని 2014 మార్చిలో తీర్పు వచ్చింది. మిగతా స్థానాల్లో చర్చిలు, కార్మిక సంఘాలు, క్రీడా సంఘాలు, మహిళా సంఘాల ప్రతినిధులు కూర్చుంటారు.

డబ్బు విషయంలో కూడా జర్మనీ ఏర్పాటు లోతైనది. సంస్థలకు ఎంత కావాలో లెక్కగట్టేది ఒక స్వతంత్ర నిపుణుల సంఘం. రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలి కానీ, నచ్చని వార్తలకు శిక్షగా కోత పెట్టే వీలు లేదు. 2020లో సాక్సనీ-ఆన్‌హాల్ట్ రాష్ట్రం ఒక్కటే ఫీజు పెంపును అడ్డుకుంటే మరుసటి ఏడాది న్యాయస్థానం జోక్యం చేసుకుని, ఇంటికి నెలకు 18.36 యూరోలకు ఫీజు పెంపును అమలు చేయించింది. ఈ పద్ధతిపై అక్కడి పౌరుల్లో గొణుగుడు ఉంది. ఖర్చు ఎక్కువన్న విమర్శలో నిజమూ ఉంది. అయినా సంపాదకుడికీ కోశాధికారికీ మధ్య ఇంత మందపాటి గోడ కట్టిన దేశం నాకు తెలిసి మరొకటి లేదు.

గోడ అనే మాటను నిబంధనల్లో రాసుకున్నది మాత్రం అమెరికా. వాయిస్ ఆఫ్ అమెరికా 1942 ఫిబ్రవరిలో నాజీ జర్మనీని ఉద్దేశించి జర్మన్ భాషలో మొదలైంది. అంటే పుట్టుకే ప్రభుత్వ అవసరం కోసం. కానీ వార్తలు కచ్చితంగా, సమతూకంగా, సమగ్రంగా ఉండాలన్న దాని నియమావళిపై 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసి చట్టం చేశారు. 1994 చట్టం ఆధారంగా, వార్తల జోలికి అధికారులు రాకుండా అడ్డుగోడ వెలిసింది. 2001 సెప్టెంబర్‌లో, న్యూయార్క్ దాడుల వేడి చల్లారకముందే, తాలిబాన్ నేత ముల్లా ఒమర్‌తో మాట్లాడిన భాగాలను విదేశాంగ శాఖ అభ్యంతరాన్ని కాదని ఆ సంస్థ ప్రసారం చేసింది. గోడ నిలబడిన సందర్భమది.

2020లో దాని మాతృసంస్థకు కొత్తగా వచ్చిన అధిపతి మైకేల్ ప్యాక్ ఆ గోడకు సంబంధించిన నిబంధనను రద్దు చేశారు. సంపాదకీయ వ్యవహారాల్లో తలదూర్చవద్దని ఫెడరల్ న్యాయమూర్తి ఆదేశించాల్సి వచ్చింది. 2025 మార్చిలో అసలు గోడను ముట్టుకునే పనే లేకుండా పోయింది. అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వెలువడిన మరునాడు 1,300 మందికి పైగా సిబ్బందిని సెలవుపై పంపారు. 83 ఏళ్లలో తొలిసారి ఆ గొంతు ఆగింది. అదే ఏడాది జులైలో, దేశంలోని ప్రజా రేడియో, టీవీ కేంద్రాలకు రెండేళ్లు ముందుగా మంజూరు చేసిన సుమారు 110 కోట్ల డాలర్లను కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. రాజకీయ ఒత్తిడి తగలకూడదనే ఆ డబ్బును ముందుగా మంజూరు చేసే పద్ధతి పెట్టుకున్నారు. ఇచ్చిన చెయ్యే లాక్కోగలిగితే ఆ ముందుచూపుకు విలువ ఎంతో అప్పుడు తేలింది. వార్త ఎలా రాయాలో ఒక్క ముక్క చెప్పకుండానే వార్తను ఆపవచ్చు.

పోలండ్ అనుభవం ఇంకో రకం. 2015 తర్వాత అక్కడి ప్రభుత్వ టీవీ అధికార పార్టీ బాకాగా మారిపోయింది. 2023 డిసెంబర్‌లో అధికారంలోకి వచ్చిన టుస్క్ ప్రభుత్వం పాత యాజమాన్యాన్ని రాత్రికి రాత్రి తొలగించింది, వార్తా చానెల్ ప్రసారాలు ఆగిపోయాయి, అధ్యక్షుడు నిధులను వీటో చేశాక సంస్థను లిక్విడేషన్‌లో పెట్టింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మంత్రి ఉత్తర్వుతో వచ్చిన స్వేచ్ఛ మరో మంత్రి ఉత్తర్వుతో పోతుంది.

మన దేశానికి వస్తే కథ నిడివి పెరుగుతుంది, బాధా పెరుగుతుంది. ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి ఇవ్వాలని 1966లోనే చందా కమిటీ చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చిన రోజుల్లోనే సమాచార మంత్రి ఐ.కె. గుజ్రాల్‌ను ఆ శాఖ నుంచి తప్పించి వి.సి. శుక్లాను కూర్చోబెట్టారు. ప్రభుత్వ ప్రచార కార్యక్రమానికి రానన్నందుకు కిశోర్ కుమార్ పాటలు రేడియోలో వినిపించకుండా పోయాయి. నాలుగు వార్తా ఏజెన్సీలను కలిపేసి సమాచార్ అనే ఒక్క సంస్థను చేశారు. అది చూసిన జనతా ప్రభుత్వం బి.జి. వర్గీస్ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. ఆకాశ్ భారతి పేరుతో స్వతంత్ర జాతీయ ట్రస్టు పెట్టాలని 1978లో ఆ బృందం సూచించింది. బిల్లు సభ ముందుకు వచ్చింది, ప్రభుత్వం పడిపోవడంతో అదీ పోయింది.

ఇక్కడి నుంచి ఈ చరిత్రలో ముగ్గురు తెలుగువారు కనిపిస్తారు. మన పత్రికలు వారి పాత్రను తగినంతగా చెప్పలేదన్నది నా అభిప్రాయం. దూరదర్శన్‌ను ప్రతిపక్షాలు రాజీవ్ దర్శన్ అని పిలిచిన రోజులు గడిచి, 1989 చివర్లో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చింది. సమాచార మంత్రి తెలుగుదేశం నాయకుడు పర్వతనేని ఉపేంద్ర. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను ఒక స్వతంత్ర సంస్థ కిందకు తెచ్చే ప్రసార భారతి చట్టాన్ని 1990లో పార్లమెంటు చేత ఆమోదింపజేసింది ఆయనే. రెండో వ్యక్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చినప్పుడు ఆయన విడిగా తీర్పు రాశారు. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి, అది ప్రభుత్వ అదుపు కాదు, ప్రైవేటు గుత్తాధిపత్యమూ దానికి విరుగుడు కాదన్నది ఆ తీర్పు సారాంశం. మూడో వ్యక్తి ఎస్. జైపాల్‌రెడ్డి. ఏడేళ్లు అటకెక్కిన చట్టాన్ని 1997లో అమల్లోకి తెచ్చిన మంత్రి. అప్పుడు ప్రధాని ఎవరో కాదు, 1975లో ఆ శాఖ పోగొట్టుకున్న గుజ్రాల్. 1997 నవంబర్ 23న ప్రసార భారతి ఏర్పడింది.

ఆ వెలుగు ఏడాది కూడా నిలవలేదు. 1998లో ప్రభుత్వం మారగానే ఆర్డినెన్సుతో వయోపరిమితిని తెచ్చి తొలి సీఈఓ ఎస్.ఎస్. గిల్‌ను ఇంటికి పంపారు. సంస్థ అధిపతిని లేపడానికి అతని పనితీరుపై ఒక్క ఆరోపణా అక్కర్లేకపోయింది.

చట్టాన్ని చదివితే మంచి మాటలు చాలానే ఉన్నాయి. సంస్థను పర్యవేక్షించడానికి 13వ సెక్షన్ కింద 22 మంది ఎంపీలతో కమిటీ ఉండాలి, 15 మంది లోక్‌సభ నుంచి, ఏడుగురు రాజ్యసభ నుంచి. శ్రోతల, ప్రేక్షకుల ఫిర్యాదులు వినడానికి 14వ సెక్షన్ కింద ప్రసార మండలి ఉండాలి. ఈ రెండూ ఏర్పడలేదు. ఏ పార్టీ ప్రభుత్వమూ ఏర్పరచలేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ఫలానాది ప్రసారం చేయమనో వద్దనో ఆదేశించే అధికారం 23వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. అయితే ఆ ఆదేశం ప్రతిని పార్లమెంటు ముందు ఉంచాలి, ఆదేశం మేరకే ప్రసారం చేస్తున్నామని సంస్థ శ్రోతలకు చెప్పుకోనూ వచ్చు. చట్టం రాసినవారి జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది. కానీ ఫోన్‌లో చెప్పే మాటకు కాగితం ఉండదు, దాన్ని ఏ సభ ముందూ పెట్టనక్కర్లేదు.

ఆ ఫోన్ ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే న్యూస్‌రూమ్‌లో ఎవరు కూర్చుంటారో చూడాలి. ఆకాశవాణి, దూరదర్శన్ వార్తా విభాగాల పెద్దలు ఎక్కువగా భారత సమాచార సేవకు చెందిన అధికారులు. ఆ కేడర్ సమాచార, ప్రసార శాఖది. బదిలీ, పదోన్నతి అన్నీ ఆ శాఖ చేతిలోనే. నిన్న ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరోలో మంత్రిగారి ప్రకటన రాసిన అధికారి ఇవాళ బులెటిన్ సంపాదకుడు, రేపు మళ్లీ మంత్రిత్వ శాఖలో అధికారి. వారిలో సమర్థులు, నిజాయితీపరులు ఎందరో ఉన్నారు. కానీ ఒక వ్యక్తి ధైర్యంపై ఆధారపడే స్వేచ్ఛను సంస్థాగతమైనదని అనలేం. దానికి తోడు 2007 అక్టోబర్ 5కు ముందు చేరిన సిబ్బంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుగానే, డిప్యుటేషన్‌పై ఉన్నట్టు లెక్క. వారి జీతాలు ఏటా బడ్జెట్ గ్రాంటుగా రావాలి. 2018 ఆరంభంలో మంత్రిత్వ శాఖ జీతాల నిధులు ఆపిందని ప్రసార భారతి వైపు నుంచి ఆరోపణ వచ్చింది, శాఖ కాదంది. ఎవరి మాట నిజమైనా, అలాంటి వివాదం పుట్టే వీలుండటమే లోపం.

ఈ లోపం ఫలానా పార్టీది అనుకోవడానికి లేదు. 2014 ఏప్రిల్‌లో, యూపీఏ హయాంలో, నరేంద్ర మోదీతో దూరదర్శన్ చేసిన ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు ఎగిరిపోయాయి. మంత్రిత్వ శాఖ నుంచి స్వేచ్ఛ దక్కలేదని అప్పటి సీఈఓ జవహర్ సర్కార్ బోర్డుకు రాశారు. అదే ఏడాది అక్టోబర్‌లో, ఎన్డీఏ హయాంలో, ఆరెస్సెస్ అధిపతి విజయదశమి ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. 2017 ఆగస్టులో త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మారిస్తే తప్ప ప్రసారం చేయమన్నారు. ఆయన మార్చలేదు, వారు ప్రసారం చేయలేదు. ఎన్నికైన ముఖ్యమంత్రి తన రాష్ట్ర ప్రజలతో ఆగస్టు 15న ఏం మాట్లాడాలో ఢిల్లీ సంస్థ చెప్పడం నాకు వీటన్నింటిలోకీ బాధ కలిగించిన ఘటన. 2020లో పీటీఐ వార్తా ఏజెన్సీ చందాను వదులుకుని, 2023లో హిందుస్థాన్ సమాచార్ ఏజెన్సీతో ఒప్పందం చేసుకున్నారు. దేశంలో అతిపెద్ద ఏజెన్సీ వార్తలు లేకుండా జాతీయ బులెటిన్ తయారయ్యే పరిస్థితి వచ్చింది.

ఈ కాలంలో ఆకాశవాణి ఎవరికి కావాలి, ప్రైవేటు చానెళ్లు ఉన్నాయి కదా అనేవారున్నారు. ముందు ఒక వాస్తవం చూడాలి. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు సొంతంగా వార్తలు చెప్పరాదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు తిరిగి వినిపించవచ్చు, అంతే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో విత్తనాల గురించి, పంటల గురించి తమ ఊరి మాటలో చెబుతుంది. అదే ఊరి వార్తను వార్తగా చెప్పే హక్కు కమ్యూనిటీ రేడియోలకు లేదు. అంటే రేడియోలో వార్త అంటే నేటికీ ఆకాశవాణే. జనాభాలో 99 శాతానికి పైగా దాని ప్రసారాలు అందుతాయని లెక్క. పోటీని చట్టంతో ఆపి, ఉన్న ఒక్కదాన్నీ శాఖ చేతిలో ఉంచడం శ్రోతకు రెండు వైపులా జరిగిన అన్యాయం.

ఇక తెలుగునాట ప్రైవేటు మాధ్యమాల స్థితి మనకు తెలియనిది కాదు. ఏ చానెల్ ఏ పార్టీ వైపో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఒక సంఘటనపై రెండు చానెళ్లు చూసి, నిజం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుందని సరిపెట్టుకునే అలవాటు మనకు పడింది. పైగా ఆ మాధ్యమాల్లోకీ సర్కారు సొమ్ము వెళ్తుంది, ప్రకటనల రూపంలో. అక్కడ పార్లమెంటు కమిటీ కాగితం మీద కూడా ఉండదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పత్రిక కొనుగోలు కోసం నెలకు 200 రూపాయలు ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రికకు మేలు చేయడానికే ఇదని ఆరోపిస్తూ మరో దినపత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023లో ఢిల్లీ హైకోర్టుకు బదిలీ అయింది. ప్రకటనలు ఎవరికి ఇస్తారు, ఎవరికి ఆపుతారు అన్నది ప్రభుత్వం మారినప్పుడల్లా మారే రాష్ట్రాల్లో, అటూ ఇటూ కాని ఒక వార్తాసంస్థ అవసరం మిగతాచోట్ల కన్నా ఎక్కువ.

అలాంటిది రాగలదా? ఒకప్పుడు రేడియోకు లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంపై స్టాంపు వేయించుకున్న సంగతి పెద్దవారికి గుర్తుంటుంది. 1980ల నడుమ దాన్ని ఎత్తేశారు. శ్రోతకూ కేంద్రానికీ ఉన్న ఆ సూటి బంధం పోయి, సంస్థ బడ్జెట్ గ్రాంటు మీద మిగిలింది. దాన్ని తిరిగి తెమ్మని నేననను. ఈ రోజుల్లో అది పేదల మీద భారం. కానీ గ్రాంటును ఏటా కాకుండా ఐదేళ్లకోసారి, జర్మనీలోలా స్వతంత్ర సంఘం లెక్కగట్టి, పార్లమెంటు ఓటుతో ఖాయం చేయవచ్చు. వార్తా విభాగానికి ప్రసార భారతి సొంతంగా విలేకరులను నియమించుకుని, సమాచార సేవ అధికారులను వారి శాఖకు పంపవచ్చు. ప్రధాన సంపాదకుణ్ణి గడువుకు ముందు తొలగించాలంటే కారణాలు రాతపూర్వకంగా ప్రకటించాలన్న నియమం పెట్టవచ్చు. 23వ సెక్షన్‌లో, ఆదేశం మేరకు ప్రసారం చేస్తున్నామని చెప్పడం సంస్థ ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేయవచ్చు.

వీటికి సమయం పడుతుంది, కొన్నింటికి చట్టసవరణ కావాలి. 13వ సెక్షన్ కమిటీకి మాత్రం ఏ సవరణా అక్కర్లేదు. ఉభయ సభలూ తమ సభ్యులను ఎన్నుకుంటే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఉన్నారు. ఉపేంద్ర చేయించిన చట్టంలోని ఆ కమిటీ ఇన్నేళ్లుగా ఎందుకు ఏర్పడలేదో, ఎప్పుడు ఏర్పడుతుందో తేదీతో సహా చెప్పమని వారిలో ఏ ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేయవచ్చు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు వారిని మనమూ ఆ ప్రశ్న అడగవచ్చు.